పదహారు నొక్కులు

పగలదు. నాకు తెలుసు. అద్దం తలుపు అవతల ఏసీ గదిలో, అందరి పాస్‌వర్డులు పరీక్షించడానికి పట్నం నుంచి వచ్చినామె పెట్టిన కంప్యూటర్‌లో అంకెలు పరుగెత్తుతున్నాయి, పెట్రోలు బంకు మీటరు తిరిగినట్టు ఆగకుండా తిరుగుతున్నాయి, ఉండి ఉండి ఒక పేరు పక్కన ఒక మాట వచ్చి నిలబడుతుంది, నిలబడిందంటే ఆ మనిషి పాస్‌వర్డ్ పగిలినట్టు. నాలుగింటికి మొదలుపెట్టింది, ఐదింటికి ఆపేస్తుంది. కంపెనీలో కంప్యూటర్ ముట్టుకునేవాళ్లం నలభై ముగ్గురం, చివరి పేరు నాది, గేటు బాలప్ప. మిగతా నలభై రెండు పేర్ల గురించి ఎవరికీ బెంగ లేదు, పగిలితే మార్చుకుంటారు, అంతే. నా ఒక్కడికే షరతు పెట్టారు. "నీది పగిలిందంటే ఒకటో తారీకు నుంచి గేటు మీద ఏజెన్సీవాళ్లు కూసుంటరు బాలప్పా, హెడ్డాఫీసు మాట, నాది కాదు" అన్నాడు మేనేజర్ సారు పొద్దున, నా మొహం వైపు కాకుండా నా టోపీ వైపు చూస్తూ. మూడో తరగతి చదివిన ముసలివాడి చేతిలో కంప్యూటర్ ఏమిటని హెడ్డాఫీసులో ఎవరో అడిగారట. పదిహేడేళ్లుగా ఆ గేటు నాది. ఏ బండి వచ్చినా, ఏ బండి పోయినా నా చెయ్యి లేస్తేనే. సరే సారూ అన్నాను. పగలనిదాని గురించి అనేదేముంది.

ఇనుప స్టూలు చల్లగా ఉంది. అద్దం సందులోంచి ఏసీ గాలి మోకాలికి తగులుతున్నది, వరండా వైపు నుంచి రసాయనాలు ఉడికే రియాక్టర్ల వాసన, పుల్లటిది, కొత్తవాళ్లకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి, నాకు అది లేకపోతే తెల్లవారినట్టుండదు. గేటు దగ్గర యాదన్నను కూర్చోబెట్టి వచ్చాను. యాదన్న కళ్లజోడు పెట్టుకొని బండి నంబరు రెండుసార్లు చదువుతాడు, అయినా ఒక అంకె తప్పు రాస్తాడు. నేను బండి ఇస్నాపూర్ చౌరస్తా వైపు నుంచి మలుపు తిరుగుతుండగానే చెప్పగలను, బంపరు వంకర చూసి, ఇంజను దగ్గు విని, ఇది ఫలానా అని. నంబర్లు నాలో పడితే పోవు. మనుషుల పేర్లు పోతాయి, నిన్న తిన్న కూర పోతుంది, నంబరు పోదు. బడిలో ఇంగ్లీషు రానేలేదు. మూడో తరగతి సగంలో మా నాయన వచ్చి నా చేతిలో పలక తీసుకొని ఎడ్ల పగ్గం పెట్టాడు, తెలుగులో నా పేరు రాయడం దాకా వచ్చింది, అక్కడ ఆగింది. ఇంగ్లీషు నేర్పింది సాదుల్లా. సదాశివపేట సాదుల్లా, మా కంపెనీ ట్యాంకర్ డ్రైవరు. బండి వెనక పేరుకున్న దుమ్ము మీద తడి వేలితో గీసి చూపేవాడు. "ఏ అంటే నిచ్చెన, సూడు, నడుమ ఒక మెట్టు. పీ అంటే గంటె, నిలబెట్టిన గంటె. టీ అంటే గుంజ మీద దూలం. గింతే రా ఇంగ్లీషు, దీనికోసం జనం పట్నంల ఫీజులు కడుతున్నరు" అని తనే నవ్వేవాడు, నవ్వితే పాన్ ఎరుపు కనిపించేది. ఒక్క నెలలో నాకు ఇరవై అయిదు అక్షరాలు వచ్చాయి. క్యూ ఒక్కటి రాలేదు. క్యూ ఉన్న బండి మా గేటుకు ఎప్పుడూ రాలేదు.

లోపల ఎవరో గట్టిగా నవ్వారు. మొదటి నిమిషంలోనే ఇలాగే నవ్వారు, అప్పుడు పగిలింది మేనేజర్ సారుది. కంపెనీ పేరు, పక్కన ఒకటి రెండు మూడు. "గిది మన గేటు బోర్డు మీద రాసి ఉన్నదే గద సారూ" అంది ల్యాబ్ పద్మావతమ్మ, సారు మెడ వెనకాల ఎర్రబడింది. కొనుగోళ్లు చూసేవాయనది అమీన్‌పూర్‌లో కొన్న ప్లాటు నంబరు. స్టోర్స్‌లో నలుగురికీ కలిపి ఒకటే, క్యాంటీన్ ఫోన్ నంబరు. దేవుళ్లు వరసగా పడ్డారు, పిల్లలు పడ్డారు, ఒకాయనది పెళ్లి తారీకు, ఇంకొకాయనది పెళ్లి కానప్పటి ఎవరిదో పేరు, అది తెర మీదికి రాగానే ఆయన మంచినీళ్లు తాగడానికి బయటికొచ్చి నా పక్కన కాసేపు నిలబడి "ఏసీ ఎక్కువైంది తాతా" అన్నాడు. అవును అన్నాను. ఆ పాస్‌వర్డులన్నీ రోజూ చూస్తున్నట్టే అనిపించింది నాకు. గేటులోంచి పోయేటప్పుడు ఆ మనుషులు మాట్లాడేది ఆ ప్లాట్ల గురించి, ఆ పిల్లల గురించే కదా. మాట్లాడేదాన్నే దాచుకున్నారు. నేను అలా చేయలేదు. ఎన్నడూ మాట్లాడనిదాన్ని దాచాను.

ఆమె పేరు షాహజాదీ. మెహిదీపట్నం నుంచి వచ్చింది, నలభై ఏళ్లుంటాయి, బుర్ఖా మీద మెడలో వేలాడుతున్న విజిటర్ కార్డు నేను రాసిచ్చిందే. గేటు లోపలికి అడుగుపెట్టగానే నా కీబోర్డు బోర్లించి చూసింది. ఒక ఎండిన చీమ, ఇంత బీడీ బూడిద రాలాయి. ఆఫీసులో బోర్లిస్తే పదకొండు చీటీలు దొరికాయట, పాస్‌వర్డులు రాసి టేపు అంటించినవి. "చాచా, మీది ఎక్కడన్నా రాసి పెట్టుకున్నరా?" అని అడిగింది. రాయడం నాకు అన్నింటికంటే చివరి పని, నవ్వొచ్చింది, నా నవ్వు చూసి ఆమెకూ వచ్చింది. మధ్యలో ఒకసారి బయటికొచ్చి చాయ్ తాగుతూ నాకు చెప్పింది, నేను అడగకుండానే, నేను వినేవాడిలా కనిపిస్తాను మనుషులకు. "ఈ విండోసుకు ఒక పాత జబ్బుంది చాచా. పద్నాలుగు అక్షరాల దాకా ఎంత పొడుగు పెట్టినా, అది రొట్టె విరిచినట్టు రెండు ముక్కలు చేసి దాచుకుంటది, ముక్కకు ఏడు. చిన్నక్షరం పెద్దక్షరం తేడా కూడ చూడది. ఏడు అక్షరాల ముక్క పగలగొట్టుడు ఎంతసేపు? అందుకే వీళ్లందరూ టపటపా పడుతున్నరు." నేను మామూలుగా ఎవరినీ ఏమీ అడగను. అడిగాను. "పద్నాలుగు దాటితే?" ఆమె గ్లాసు నోటి దగ్గరే ఆపి నా వైపు చూసింది. "అంత ఎవరు పెడతరు చాచా?" నేను వరండా చివర నీళ్ల డ్రమ్ము వైపు చూశాను. వేళ్ల మీద లెక్క పెట్టాల్సిన పని లేదు నాకు, రెండేళ్లుగా రోజూ పొద్దున ఆరింటికి ఒక్క వేలితో నొక్కుతున్నాను. పదహారు. ఏడు రెళ్లు పద్నాలుగు పోగా ఇంకా రెండు మిగులుతాయి.

ఆ రెండేళ్ల కిందట గేటులో కంప్యూటర్ పెట్టినరోజు, దాన్ని బిగించినాయన అన్నాడు, "తాతా, నువ్వు మరిచిపోనిది, ఎవరికీ చెప్పనిది ఒకటి పెట్టుకో, నేను చూడ" అని మొహం తిప్పుకున్నాడు. మరిచిపోనిది, ఎవరికీ చెప్పనిది. అట్లాంటివి ఎన్నో ఉండాలి మనిషికి అరవై ఏళ్లు దాటాక. నాకు ఒక్కటే తోచింది. ఒక్కొక్కటే వెతుక్కుంటూ నొక్కుతున్నాను, నిచ్చెన ఎక్కడుంది, గుంజ ఎక్కడుంది. "అయిందా?" "ఇంకుంది." "అయిందా తాతా?" "ఇంకుంది." "ఏందే, రామాయణం రాస్తున్నవా?" మళ్లీ ఒకసారి అదే నొక్కాలన్నాడు, తప్పుపోలేదని తెలియడానికి. మళ్లీ నొక్కాను. తప్పు పోలేదు. అంతకు పదిరోజుల ముందే సాదుల్లా చనిపోయాడు, సదాశివపేటలో మట్టి వేసి వచ్చిన చేయి అది, ఇంకా ఆ మట్టి గోళ్ల కింద ఉన్నట్టే ఉండింది.

గదిలో అంకెలు మెల్లగా తిరుగుతున్నట్టు అనిపిస్తున్నది, లేదు, నేనే మెల్లగా చూస్తున్నాను. గోడ గడియారం నాలుగూ ముప్పై అయిదు. ఇంకా ఐదుగురే మిగిలారని సారు ఎవరితోనో అంటున్నాడు. వాన వస్తుందా, రాదు, ఇది ఎండాకాలపు మబ్బు, ఊరికే చీకటి చేసి పోతుంది. ఆనాటి వాన అట్లా కాదు. తొంభై ఒకటి, వానాకాలం, పట్టపగలు. నేను పొద్దుటి షిఫ్టు దిగి గొంగడి కప్పుకొని వాగు మీది కల్వర్టు దాటుతున్నాను. వాగు నిండుగా పోతున్నది. వాగు నిండుగా పోయేటప్పుడే కంపెనీవాళ్లకు కావాలి, మురుగు నీళ్లలో కలిసిపోతుందని. రెండు ట్యాంకర్లు కల్వర్టు పక్కన వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాయి, పైపులు వాగులోకి, పైపుల్లోంచి పసుపుపచ్చగా చిక్కగా పడుతున్నది. ఒకటి పాత బండి. నిచ్చెన, నిచ్చెన, గుంజ మీద దూలం, ఇరవై తొమ్మిది సున్నా ఆరు. ఇంకొకటి ఆ ఏడే కొన్న కొత్త బండి. నిచ్చెన, గంటె, ఇరవై మూడు, మళ్లీ గుంజ, నలభై నాలుగు పదిహేడు. రెండూ మా గేటు లోంచి పోయినవే. నేనే చెయ్యి ఎత్తాను. పాత బండి మెట్టు మీద సాదుల్లా కూర్చుని ఉన్నాడు, తడుస్తూ. నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. అతను అనలేదు, చెప్పకు అని. నేను అనలేదు, ఏం చేస్తున్నావు అని. వాన మాత్రం పడుతున్నది. నేను కల్వర్టు దాటి ఇంటికి పోయాను, నా భార్య మల్లవ్వ పెట్టిన అన్నం తిన్నాను.

మూడో రోజు మా ఊరి బక్కమ్మ బర్రెలు చనిపోయాయి. రెండూ. ఒకటి చూడిది. వాగు ఒడ్డునే పడిపోయాయి, నోట్లోంచి నురగ. ఆ తర్వాతి ఏడు వాగు పక్కన ఆమె పెట్టిన వరి నాటు నాటినట్టే మాడిపోయింది, దాని తర్వాతి ఏడూ అంతే. ఊళ్లో ఇంకా పది పదిహేను మందివి పోయాయి, అందరూ కలిసి కేసు వేశారు, పట్నంలో నడుస్తున్నది, పదేళ్లుగా నడుస్తున్నది. అప్పట్లో ఒకసారి జీపులో అధికారులు వచ్చి గేటు ముందు నన్ను అడిగారు, ఇక్కడినుంచి బండ్లు వాగుకు పోతాయా అని. తెలియదన్నాను. లోపల ఆఫీసు కిటికీలోంచి అప్పటి మేనేజర్ చూస్తున్నాడు. కొత్త బండి నడిపిన డ్రైవరు ఆ వారమే ఉద్యోగం మాని ఎక్కడికో పోయాడు, పాతబండి డ్రైవరు నా దోస్తు. తెలియదన్న మాట చాలా తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. ఎప్పుడూ మాట్లాడనివాడు అబద్ధం చెబితే ఎవరూ అనుమానపడరు.

బక్కమ్మ అనుమానపడింది. వరసకు నాకు వదినె. రోజూ సాయంత్రం గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని గేటు ముందు నుంచే పోతుంది, ఇంకో దారి లేదు. మొదట్లో ఏడుస్తూ అడిగేది, తర్వాత తిడుతూ అడిగేది, ఇప్పుడు నవ్వుతూ అడుగుతుంది. "ఏం మరిదీ, గేటుకు నువ్వు కావలా, నీకు గేటు కావలా? ఆ బండి నంబరు ఇంక యాదికి రాలేదా?" తెల్వదు వదినా అంటాను. "వకీలుకు ఒక్క నంబరు, ఒక్క మనిషి చాలంట. చూసినోడు ఒక్కడు చాలంట" అంటుంది, మోపు సర్దుకుంటుంది, పోతుంది. ఎదురుగా నా ముందు కంప్యూటర్ ఉంటుంది. ఆ పొద్దున్నే ఆ పదహారు నొక్కి తెరిచిన కంప్యూటర్. నోరు చెప్పనిది వేలు చెబుతూనే ఉంది రెండేళ్లుగా, ఎవరికి, ఆ గాజు పెట్టెకి. సాదుల్లా పోయాక ఇంక ఎవరి కోసం దాస్తున్నానో నాకు నేను అడుక్కోలేదు. పాస్‌వర్డ్ కదా, చెప్పకూడదు కదా, అదొక నెపం దొరికింది.

నాలుగూ యాభై. పద్మావతమ్మది పగిలింది. ఆమె మంచి తెలివిగలది, చాలాసేపు నిలబడింది ఆమెది, అక్షరాలూ అంకెలూ కలిపి పెట్టుకుందట, అయినా ఏడు దాటలేదు. "నాది గూడ పాయె" అని నెత్తి కొట్టుకుంది. ఇంకా ఇద్దరు. నేనూ, షిఫ్టు ఇన్‌చార్జి ఒకాయనా. ఇప్పుడు నా గుండె చప్పుడు నాకు వినిపిస్తున్నది, భయం కాదు, బరువైన బండి గేటు దాటేటప్పుడు నేల అదురుతుందే అట్లా. పగిలితే గేటు ఒక్కటే పోదు. పగిలితే అది తెర మీద నిలబడుతుంది, ఆ పదహారూ వరసగా, సారు చదువుతాడు. ఆ రెండు బండ్లు ఎవరివో సారుకు తెలుసు, కొత్తబండి ఇప్పటికీ షెడ్డు వెనక చక్రాలు లేకుండా పడి ఉంది, నంబరు ఇంకా కనిపిస్తుంది. ఇదంతా తెలిసే ఇక్కడ కూర్చున్నాను. అయినా పగలదు. రెండు బండ్లలో పాతదాని నంబరే పెట్టుకొని ఉంటే ఏమయ్యేదో, ఏడే అయ్యేది, ఒక ముక్క. ఆరోజు ఆ కంప్యూటరాయన మొహం తిప్పుకున్నప్పుడు నేను సాదుల్లా బండి ఒక్కటే నొక్కి ఆగబోయాను. ఆగలేకపోయాను. రెండు బండ్లూ పోశాయి. ఒకటి వదిలిపెడితే అది జరిగింది జరిగినట్టు కాదు. అంతే, అందుకే పదహారు.

నాలుగూ యాభై ఎనిమిదికి ఇన్‌చార్జిది పడింది. ఐదు గంటలకు ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. నన్ను లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. లోపల చల్లగా ఉంది, అందరూ నా వైపు తిరిగి నిలబడ్డారు, చెప్పులు బయట విడిచినట్టు గుర్తొచ్చి పాదాలు చూసుకున్నాను. తెర మీద నలభై మూడు పేర్లు. నా పేరు పక్కన ఖాళీ.

"ఎవరు పెట్టిచ్చిండ్రు నీకు?" అన్నాడు మేనేజర్ సారు.

"ఎవలు లేరు సారూ. నేనే."

"ఏం పెట్టినవ్?"

"చెప్ప సారూ."

"నేను మేనేజర్ను బాలప్పా."

"అవు సారూ."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. సారు మెడ మళ్లీ ఎర్రబడుతున్నది, ఆయన నోరు తెరిచేలోపు షాహజాదీ కలగజేసుకుంది. "అడగొద్దు సార్. మీరు అడిగినా చెప్పొద్దనేదే నా రిపోర్టుల మొదటి లైను. పొద్దున నేను అడగంగనే తొమ్మిదిమంది చెప్పేసిండ్రు నాకు, మీతో కలిపి." నా వైపు తిరిగింది. "పద్నాలుగు దాటితే ఇది ముక్కలు చేయలేదు చాచా. మీరు దాటిండ్రు, అవునా కాదా?" నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. ఆమె నవ్వి కాగితం మీద ఏదో గీసింది. గేటు మీద నన్నే ఉంచాలని రాస్తానంది, హెడ్డాఫీసుకే రాస్తానంది. సారు సరేలే అన్నాడు, ఈసారి నా మొహం చూసి. ఆ తర్వాత ఆమె అందరికీ వినిపించేలా చెప్పింది, ఇవాళ ఇంటికి పోయేలోపు అందరూ పాస్‌వర్డ్ మార్చుకోవాలి, పగిలినవాళ్లూ, పగలనివాళ్లూ. పాతది మళ్లీ పనికిరాదు. "మీరు కూడ చాచా. ఎంత మంచిదైనా."

వరండా, మెట్లు, షెడ్డు, షెడ్డు వెనక చక్రాలు లేని బండి, గేటు. యాదన్న లేచి "ఉన్నవా పోయినవా?" అన్నాడు. ఉన్నాను అన్నాను. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాతది అడిగింది, చివరిసారి నొక్కాను, నిచ్చెన నిచ్చెన గుంజ, చివరి పదిహేడు దాకా. కొత్తది అడిగింది. కొత్తది నొక్కాను, రెండుసార్లు. అది మీకు చెప్పను. పాతది ఇంక దేనికీ తాళంచెవి కాదు, ఏదీ తెరవదు, ఉత్త బండి నంబర్లు రెండు. మళ్లీ నోట్లోకి వచ్చి కూర్చున్నాయి. దాచిపెట్టే చోటు లేదు వాటికి, నెపం లేదు, సాదుల్లా లేడు. మబ్బు చెదిరి రోడ్డు మీద ఎండ పసుపుగా పడింది, ఆ ఎండలో గడ్డిమోపు ఒకటి వస్తున్నది, కింద బక్కమ్మ.

"ఏం మరిదీ, ఇయ్యాల నిన్ను లోపల కూసోబెట్టిండ్రంట. నౌకరి ఉన్నదా పీకిండ్రా?"

"ఉన్నది. మోపు దించు వదినా."

ఆమె దించలేదు. పన్నెండేళ్లలో నేను ఆమెను ఆగమన్నది అదే మొదటిసారి. తర్వాత మెల్లగా దించింది, గేటు గోడకు ఆనించింది. నంబర్లు చెప్పాను. మొదట ఒకటి, తర్వాత ఒకటి, బండ్ల రంగులు, కల్వర్టు, వాన, ఎవరు నడిపారో, గేటు ఎవరు తీశారో. యాదన్న బీడీ వెలిగించుకోవడం మరిచిపోయాడు. బక్కమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకొని అంది, "నాకు యాదికుండది. రాసియ్యి."

గేటు పాసు చీటీ ఒకటి చింపి వెనకవైపు రాశాను. నిచ్చెనలు సరిగ్గానే వచ్చాయి. ఆఫీసు కిటికీలో సారు నిలబడి ఉన్నాడు, చూస్తున్నాడేమో, చూడనీ. ఆమె చీటీ తీసుకొని తిప్పి చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"కింద నీ పేరు?"

బయట ట్యాంకర్ వచ్చి నిలబడి హారన్ కొట్టింది, యాదన్న లేవబోయాడు. నేను చెయ్యి ఎత్తలేదు. ఆగమన్నాను. చీటీ బల్ల మీద పరిచి, తెలుగులో, బ కు దీర్ఘమిచ్చి, ల్యాబ్‌వాళ్లు, కిటికీలో సారు కూడా చదవగలిగేంత పెద్దగా నా పేరు రాశాను.